అచ్చాయమ్మ గేదె కోసం ప్రార్థన

ఇలా రా తల్లీ, ఆ వాకిట్లో ఎందుకు, ఈ మంచం మీదకొచ్చి నా పక్కన కూర్చో. గట్టిగా చెప్పే కథ కాదు. మన రాజోలు సలోమి కథ.

సలోమి బడిపంతులమ్మ. మొగుడు రవికుమార్ మండలాఫీసులో గుమాస్తా. నెమ్మదస్తుడు, ఎవరేమన్నా సరేనన్నట్టు "ఆయ్" అంటాడు. పెళ్ళయి పదకొండేళ్ళు, పిల్లల్లేరు. మందులు మింగింది, సూదులు ఓర్చుకుంది. రాజమండ్రి ఆసుపత్రికి ఆమె ఎన్నిసార్లు వెళ్ళిందో బస్సు కండక్టరుకు కూడా తెలుసు. పెద్ద వైద్యం రెండుసార్లు చేయించుకుంటే రెండుసార్లూ కడుపు నిలవలేదు. మూడోసారికి సోమవారం రమ్మన్నారు. ఆమెకు వెళ్ళాలని లేదు. ఇంక చాలు, ఒళ్ళు ఒప్పుకోవడం లేదు అని మొగుడితో అనాలి. ఆ ఒక్క మాటే నోరు దాటడం లేదు. అంటే ఆయన ఆశను తన చేత్తో తుంచినట్టవుతుందనీ, ఆయన మనసు తననుంచి జరిగిపోతుందనీ భయం.

దానికి ముందు రోజు ఆదివారం. ఆరాధన అయ్యాక ఇద్దరినీ ముందుకు పిలిచి, తల మీద చేతులుంచి ప్రార్థిస్తామని పాస్టరు గారు ముందే చెప్పారు. ఈ పదకొండేళ్ళలో సలోమి తల మీద ఎన్ని చేతులు పడ్డాయో! అన్నీ ప్రేమగల చేతులే. అయినా ఆ పొద్దున తెల్లచీర కట్టుకుంటుంటేనే మెడ బరువెక్కింది.

ఒళ్ళో బైబిళ్ళ సంచి పెట్టుకుని బండి మీద వెనక కూర్చుంది. చర్చి మలుపు వచ్చింది. రవికుమార్ తిప్పలేదు.

"ఏవండీ, చర్చి దాటిపోయేం."

"చూసేను."

"మరి?"

"ఈవాళ వద్దులే సలోమీ. ఎక్కడికైనా పోయి సాయంత్రానికి వచ్చేద్దాం."

"ఎక్కడికండీ?"

"తెలిస్తే చెప్పనా?"

ఆమె ఇంకేమీ అడగలేదు. అడగడానికైనా ఓపికుండాలి కదా.

దిండి దగ్గర గోదావరి కనపడితే బండి ఆపాడు. అక్కడంతా రంగురంగుల బట్టల్లో, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని షికారుకొచ్చిన జనం. వాళ్ళ మధ్య వీళ్ళిద్దరూ తెల్లబట్టలతో, చేతిలో బైబిళ్ళతో నిలబడ్డారు. అవతల నడి గోదాట్లో చిన్న లంక. అంచంతా ఇసక, పైన కొబ్బరిచెట్లు, నాలుగిళ్ళు. ఆ లంకకు వెళ్ళే పడవతను వీళ్ళని ఎగాదిగా చూసి, "లంకలో ప్రార్థనకేనాండి?" అన్నాడు.

కాదంటే ఏమిటో చెప్పాలి. చెప్పే ఓపిక లేక రవికుమార్ "ఆయ్" అన్నాడు.

పడవ ఇంకా ఒడ్డు తాకనే లేదు, పడవతను గొంతెత్తి అరిచాడు. "అచ్చాయమ్మ పిన్నీ! అయ్యగారూ అమ్మగారూ వచ్చేరు!"

సలోమి మొగుడి మోచేతిని గిల్లింది. "ఇదేంటండీ, మనల్ని పాస్టరు గారనుకుంటన్నారు!"

"ఒక్క ఆయ్‌కే ఇంతైపోద్దని నాకేం తెలుసు?"

అరవై దాటిన మనిషి అచ్చాయమ్మ. పమిట సర్దుకుంటూ ఎదురొచ్చి, నీడలో కుర్చీలు వేసి, చెరో కొబ్బరిబొండాం చేతికిచ్చింది. చెట్ల కింద చల్లగా ఉంది. సలోమి కళ్ళు మూతలు పడుతున్నాయి. ఇక్కడే, ఈ ఇసక మీదే పడుకుని లేవకపోతే బాగుణ్ణనిపించింది.

"నా కోసం కాదండి అమ్మగారూ, మా గేదె కోసం," అంది అచ్చాయమ్మ. "రెండేళ్ళయిందండి, చూడి నిలవట్లేదు. సూదులు మూడుసార్లేయించేను. మావోడేమో అమ్మేద్దామంటాడు. మీరు దాని మీద చెయ్యేసి ఒక్క మాట ప్రభువుకి చెప్పండి."

సలోమి చేతిలో బొండాం అలాగే ఉండిపోయింది. రవికుమార్ లేచాడు. "అమ్మగారు చేస్తారండి," అని పక్కకు జరిగాడు.

గేదె పాక నీడలో నెమరు వేస్తోంది. సలోమి వెళ్ళి దాని నుదుటి మీద చెయ్యి పెట్టింది. అది తల వంచి ఊరుకుంది. ఆమె కళ్ళు మూసుకుంది.

"ప్రభువా, ఈ మూగజీవిని చూడు. మందులన్నీ మింగింది. సూదులన్నీ ఓర్చుకుంది. నిలవకపోతే నిలవకపోయింది తండ్రీ. ఇది అలిసిపోయింది. ఇంక దీన్ని ఎక్కడికీ తీసుకెళ్ళొద్దని చెప్పు. ఈ నీడలో ఉండనివ్వు. ఇన్నాళ్ళూ దీనికి గడ్డి పెట్టిన చెయ్యి మాత్రం దీన్ని వదలకుండా చూడు."

అంతే. ఇంక ముందుకు పోలేకపోయింది. కళ్ళు తెరవడానికి ధైర్యం చాల్లేదు. ప్రార్థనకు ఎవరో ఒకరు ఆమెన్ అనాలి కదా, అచ్చాయమ్మ ఆ మాట కోసం చూస్తోంది. గేదె తోకతో ఈగలు తోలుకుంటోంది.

అప్పుడు వెనక నుంచి వినపడింది. "ఆమెన్." రవికుమార్ గొంతే, నీళ్ళలో తడిసినట్టుంది.

అచ్చాయమ్మ బుగ్గ మీద చెయ్యేసుకుంది. "అదేంటండీ అమ్మగారూ! చూడి కట్టించమని అడగమంటే, వైద్యం మానిపించమంటారు!" మళ్ళీ తనే గేదె మెడ గోకింది. "పోన్లెండి. అమ్మడమైతే అమ్మను. మావోణ్ణి అరుచుకోనీండి."

తిరుగు పడవలో పడవతను కాక వీళ్ళిద్దరే.

"ఎప్పట్నుంచి సలోమీ?"

"మొదటిసారి నిలవనప్పట్నుంచండీ."

"నాతో చెప్పొచ్చు కదా?"

"మీరు ఆయ్ అంటారని తెలుసు. అనేసి, లోపల్లోపల కుమిలిపోతారని చెప్పలేదు."

రవికుమార్ నీళ్ళకేసి చూశాడు. "కుమిలిపోవడానికి నాకు మాత్రం ఓపికెక్కడుంది? పొద్దున బండెందుకు తిప్పలేదనుకున్నావ్?" ఆమె వైపు తిరిగి అన్నాడు. "రేపు బడికే వెళ్తావా?"

"ఆయ్," అంది సలోమి. బైబిళ్ళ సంచి మొగుడి ఒళ్ళో పెట్టి, ఆయన భుజం మీద తల వాల్చింది. పడవ రేవు తాకేసరికే నిద్రపోయింది. నిద్ర లేపలేక రవికుమార్ అలాగే కూర్చుంటే, పడవతనూ తొందర పెట్టలేదు.

గేదె ఏమైందో నాకు తెలియదు తల్లీ. ఇది మనసులో పెట్టుకో. అలిసిపోయిన ఆడది ఎవరైనా నీ పక్కన కూర్చున్న రోజున చెప్పు. గేదె దగ్గర నవ్వించినా పరవాలేదు. ఆమెన్ దగ్గర మాత్రం కాసేపు ఆగి చెప్పు.