సెలూన్ కోడలు అడిగిన అప్పు

ఆ వీధిలో ఆమెను అందరూ సెలూన్ కోడలు అనే పిలిచేవారు. నిజానికి సెలూన్ మూతపడి చాలా కాలమైంది. వీధి మొదట్లో ఇప్పుడు మందుల షాపు ఉన్న గదిలో ఒకప్పుడు ఆమె మామగారు క్షవరం చేసేవాడు. చేతులు వణకడం మొదలయ్యాక, ఒక ఉదయం ఎన్నాళ్ళుగానో వచ్చే ఒక మనిషి చెవి వెనక చిన్న గాటు పడింది. ఆ మనిషి నవ్వేసి ఊరుకున్నాడు. పెద్దాయన ఊరుకోలేదు. ఆ సాయంత్రమే షట్టర్ దించి, తాళం చెవి యజమాని చేతిలో పెట్టి ఇంటికి వచ్చేశాడు. షాపు పోయినా పేరు మాత్రం ఇంటిల్లిపాదినీ అంటిపెట్టుకుని ఉండిపోయింది.

ఆమె భర్త గోడలకు రంగులు వేసేవాడు. ఒకసారి పరంజా మీద నుంచి పడి, నడుము విరిగి మంచం పట్టాడు. మంచంలో ఉన్న మనిషికి అన్నం పెట్టొచ్చు, ఒళ్ళు తుడవొచ్చు. జుట్టు మాత్రం పెరుగుతూనే ఉంది. చుట్టుపక్కల సెలూన్ల వాళ్ళను పిలిస్తే, మంచం మీద మనిషి అనగానే "రేపొస్తాం" అన్నారు. ఆ రేపు రాలేదు. చివరికి పెద్దాయన మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, తన కత్తెర తీసి కోడలి చేతికిచ్చాడు.

"దువ్వెన కింద నుంచి పోనివ్వు. ఎడమ చెయ్యి మెడ కింద ఉండాలి. వాడి తల బరువు నీ చేతి మీద ఉండాలి, దిండు మీద కాదు."

అలా మాటలతోనే పని నేర్పాడు. తప్పు చేస్తే నాలుక చప్పరించేవాడు. బాగా చేస్తే "ఊఁ" అనేవాడు. ఆ ఊఁ దాటి ఆయన నోట మెచ్చుకోలు మాట ఏదీ ఆమె ఎన్నడూ వినలేదు.

భర్త పోయాక ఇంట్లో ఇద్దరే మిగిలారు. సంపాదన లేని ఇళ్ళకు నెలనెలా ప్రభుత్వం ఇచ్చే భత్యంతో రోజులు గడుస్తున్నాయి. ఇంతలో కింది అంతస్తులో ఉండే బస్సు కండక్టరు ఒకరోజు గుమ్మం దగ్గర నిలబడి నసిగాడు. అతని తల్లికి పక్షవాతం వచ్చింది, జుట్టు అట్టలు కట్టింది, ఏమీ అనుకోకపోతే ఒకసారి వచ్చి చూడమన్నాడు. ఆమె వెళ్ళింది. ఆ తర్వాత కండక్టరు చెప్పాడని ఇంకొకరు, వాళ్ళు చెప్పారని మరొకరు. ఇష్టమైనవాళ్ళు పళ్ళు ఇచ్చేవాళ్ళు, కొందరు చేతిలో ఓ నోటు మడిచి పెట్టేవాళ్ళు. అది కత్తెర సానకు, బస్సు చార్జీలకు సరిపోయేది.

చిక్కల్లా తల స్నానం దగ్గర వచ్చేది. చెంబుతో నీళ్ళు పోస్తే పరుపు తడిసేది. ముసలివాళ్ళు చలికి వణికిపోయేవాళ్ళు. మంచం మీదే గాలి ఊది తల కింద పెట్టి కడిగే గాలి బేసిన్ ఒకటి ఉంటుందని, దాని గొట్టం గుండా నీళ్ళు నేరుగా బకెట్లోకి దిగుతాయని ఒక నర్సు చెప్పింది. గుండెజబ్బు వాళ్ళు ఉలిక్కిపడకుండా చప్పుడు చేయని ట్రిమ్మర్లు కూడా ఉంటాయట. ఇంకా, మంచం దిగి కాసేపు కూర్చోగలిగేవాళ్ళ కోసం తలకు ఆసరా ఉన్న మడత కుర్చీ. ధరలు కనుక్కుని ఆమె ఆ ఊసు పక్కన పెట్టేసింది.

భత్యం కార్యాలయంలో సంతకం పెట్టడానికి వెళ్ళినప్పుడు గోడ మీద ఒక ప్రకటన కనిపించింది. భత్యం పొందుతున్నవాళ్ళు పని సామాను కొనుక్కోవడానికి ప్రభుత్వం వడ్డీ లేకుండా అప్పిస్తుందట. ఆమె దాన్ని రెండోసారి చదువుతుంటే, వరసలో వెనక నిలబడ్డ పొరుగింటావిడ చెయ్యి పట్టుకుని లాగింది.

"ఎందుకొచ్చిన తలనొప్పి. అప్పని అడిగావంటే నీ గురించి తవ్వడం మొదలుపెడతారు. ఉన్న భత్యం కూడా ఊడగొడతారు."

ఇంటికొచ్చి మామగారికి చెప్పింది. ఆయన కిటికీ దగ్గర కూర్చుని, ఇప్పుడు వాడని తన మంగలి కత్తిని అలవాటుగా తుడుస్తున్నాడు.

"అప్పంటే తలకు మించిన వ్యవహారం అమ్మాయ్."

"మనది తలల వ్యవహారమే కదా మామయ్యా."

ఆయన మీసం కొద్దిగా కదిలింది. వెంటనే మొహం గంభీరంగా పెట్టుకున్నాడు.

"భత్యం తింటున్నాం, చాలదా? మళ్ళీ వెళ్ళి చెయ్యి చాచాలా? ఆ ఆఫీసు గడప తొక్కమంటే నేను మాత్రం తొక్కను."

ఆమె కడుగుతున్న గిన్నె పక్కన పెట్టింది.

"భత్యం ఇచ్చేవాళ్ళు తిరిగి ఇమ్మని అడగరు మామయ్యా. మన దగ్గర లేదని వాళ్ళకు తెలుసు. అప్పు ఇవ్వాలంటే మాత్రం, ఈ మనిషి తీర్చగలదని ఎవరో ఒకరు అనుకోవాలి. ఆయన పోయాక నన్ను చూసి అయ్యో అన్నవాళ్ళే గానీ, అలా అనుకున్నవాళ్ళు లేరు. ఒకసారి అడిగి చూస్తాను."

పెద్దాయన కత్తి మడిచి పెట్టెలో పెట్టాడు.

మర్నాడు ఆమె కార్యాలయానికి వెళ్ళింది. కళ్ళజోడు గొలుసుకు వేలాడదీసుకున్న గుమాస్తా ఒకావిడ కిటికీ అవతల కూర్చుని, చకచకా ప్రశ్నలు అడుగుతూ దరఖాస్తు నింపుతోంది. ఏ సామాను కావాలి, ఏ పని కోసం, ఎక్కడ చేస్తారు.

"ఈ పని ఇంతకుముందు చేసిన అనుభవం ఉందా?"

"చేస్తూనే ఉన్నానండి."

"దానికి డబ్బు తీసుకున్నారా?"

ఆ ప్రశ్న ఎక్కడికి దారి తీస్తుందో ఆమెకు అర్థమైంది. తీసుకోలేదని చెప్తే కాగితం ముందుకు పోతుంది. వద్దంటూనే తోడొచ్చిన పొరుగింటావిడ వెనకే ఉంది, వేలితో వీపు మీద పొడుస్తోంది.

"కొందరు ఇచ్చారు, తీసుకున్నాను."

గుమాస్తా కలం ఆపి, గొంతు తగ్గించింది. "ఇది రాశానంటే మీ భత్యం విచారణకు వెళ్తుంది. తేలేదాకా ఆపేస్తారు. బాగా ఆలోచించుకుని చెప్పండి."

"ఆలోచించే చెప్పానండి. రేపు ఈ పని చేసి అప్పు తీరుస్తానంటున్నాను. ఇవాళ ఈ పని చెయ్యడం లేదని ఎలా అనను?"

గుమాస్తా ఆమె వంక ఒక్క క్షణం చూసి, రాసింది.

భత్యం ఆగిపోయింది. ఇంట్లో మొదట టీలో పాలు తగ్గాయి, ఆ తర్వాత టీయే తగ్గింది. పెద్దాయన సిగరెట్లు మానేసి, డాక్టరు మానమన్నాడని అందరికీ చెప్పాడు. ఆయన డాక్టరు దగ్గరికి వెళ్ళి ఏళ్ళయిందని వీధంతటికీ తెలుసు. ఆమె మాత్రం పిలిచిన ఇళ్ళకు వెళ్తూనే ఉంది. ఎవరైనా డబ్బు ఇవ్వబోతే, "విచారణ తేలనివ్వండి, అప్పుడు అడిగి మరీ తీసుకుంటా" అని చెయ్యి వెనక్కి తీసుకునేది. ఒకరోజు తలుపు తెరిచేసరికి గుమ్మంలో సరుకుల సంచి ఉంది. కండక్టరు మెట్లు దిగిపోతున్నాడు. పిలిచినా వెనక్కి తిరగలేదు.

నే చెప్పలేదా అని మామగారు అంటాడేమోనని ఆమె రోజూ ఎదురుచూసింది. ఆయన అడిగింది ఒక్కటే.

"ఉన్నది ఉన్నట్టు చెప్పావా?"

"చెప్పాను మామయ్యా."

"ఊఁ."

భత్యం సంగతీ అప్పు సంగతీ కలిపి తేలుస్తాం, విచారణకు రమ్మని కబురు వచ్చిన రోజు ఆమె చెప్పులు వేసుకుంటుంటే, పెద్దాయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, టోపీ పెట్టుకుని గుమ్మంలో తయారుగా ఉన్నాడు. గడప తొక్కనన్న మాట ఆమె గుర్తు చేయలేదు. ఇద్దరూ బస్సెక్కారు.

పొడుగాటి బల్ల వెనక ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో ఉన్న అధికారి సన్నగా, నిద్ర చాలనివాడిలా ఉన్నాడు. మాట మాత్రం మెత్తగా ఉంది.

"ఇప్పుడు సెలూన్ లేని వీధి లేదు కదమ్మా. మీకు గిరాకీ ఎక్కడుంది? అప్పు ఎలా తీరుస్తారు?"

"సెలూన్‌కి నడిచి వెళ్ళగలిగేవాళ్ళు నాకక్కర్లేదండి. మంచం దిగలేనివాళ్ళ దగ్గరికి నేనే వెళ్తాను. వాళ్ళు ప్రతి వీధిలోనూ ఉన్నారు. బయటికి రారు కాబట్టి కనపడరు, అంతే."

పక్కనున్న సభ్యురాలు అడిగింది. "శిక్షణ పొందినట్టు పత్రం ఏమైనా ఉందా?"

"లేదండి. మా మామగారి దగ్గర నేర్చుకున్నాను."

ముగ్గురి చూపూ ఒక్కసారిగా వెనక బెంచీ మీదికి మళ్ళింది. పెద్దాయన లేచాడు. చేతుల వణుకు ఈ మధ్య తలకు కూడా పాకింది. గాలికి ఊగే కొమ్మలా అది నిలకడ లేకుండా కదులుతూనే ఉంటుంది. ఆయన మెల్లగా ముందుకొచ్చి, టోపీ తీసి బల్ల మీద పెట్టాడు.

"అయ్యా, నా తల చూస్తున్నారుగా, ఒక్కచోట నిలవదు. దీన్ని పోయిన వారం ఈమే కత్తిరించింది. దగ్గరికొచ్చి చూడండి, మొహమాటపడకండి."

సభ్యురాలు నిజంగానే లేచి వచ్చింది. మెడ మీద, చెవుల వెనక చూసింది. అంచు గీత గీసినట్టుంది, ఎక్కడా గాటు లేదు.

పెద్దాయన గొంతు కూడా వణుకుతోంది. అయినా ఆపలేదు. "నా చేతులు బాగున్నన్నాళ్ళూ ఎందరో నా ముందు తల వంచారు. వంచిన తలకి క్షవరం చెయ్యడం తేలికండి. నిలవని తలకి, లేవలేని తలకి చెయ్యడం నాకు రాదు. నేను నోటితో చెప్పానంతే, చేతులు ఆమెవి. ఈ పనిలో ఆమె నాకంటే మెరుగు. ఈ మాట నా కోడలని చెప్పడం లేదు, పని తెలిసినవాడిగా చెప్తున్నాను."

ఆమె తల దించుకుంది. కళ్ళు మసకబారి, కాళ్ళ కింది గచ్చు కనపడలేదు. ముందుకొచ్చినంత మెల్లగానే వెనక్కి వెళ్ళి, ఆయన బెంచీ మీద కూర్చున్నాడు. టోపీ బల్ల మీదే మర్చిపోతే అధికారి స్వయంగా తీసుకెళ్ళి ఇచ్చాడు.

బయట కూర్చోమన్నారు. మళ్ళీ పిలిచేసరికి మధ్యాహ్నమైంది. ఇంతవరకు తీసుకున్నది కొద్ది మొత్తమే కాబట్టి, తానే చెప్పింది కాబట్టి, తప్పు పట్టడం లేదన్నారు. ఇకనుంచి వచ్చింది ప్రతి నెలా చెప్పాలి. సంపాదన పెరిగేకొద్దీ భత్యం కొంత తగ్గుతుంది, ఒక్కసారిగా ఆగదు. ఆపిన సొమ్ము ఇచ్చేస్తారు. అప్పు మంజూరైంది, కానీ బేసిన్‌కీ ట్రిమ్మర్‌కీ మాత్రమే. కుర్చీకి ఇప్పుడు కుదరదన్నారు.

మెట్లు దిగుతుంటే కుర్చీ రాలేదని ఆమె కాస్త చిన్నబోయింది.

"కుర్చీ సంగతి వచ్చేసారి చూద్దాం అన్నాడు కదా ఆ ఆఫీసరు" అన్నాడు పెద్దాయన.

"అన్నాడు."

"వచ్చేసారి అన్నాడంటే, ఈ అప్పు తీరుస్తావని నమ్మినట్టేగా."

ఆమె నవ్వింది. రెండు మెట్లు దిగి ఆగింది. "మామయ్యా, లోపల మీరన్న మాట నిజమేనా, నన్ను గట్టెక్కించడానికి అన్నారా?"

"గవర్నమెంటాఫీసులో నువ్వు అబద్ధం చెప్పవు, నేను చెప్తానా?" అన్నాడాయన, బస్సు వచ్చే వైపు చూస్తూ.

కొత్త సామానుతో ఆమె మొదట వెళ్ళింది ఒక రిటైరైన హెడ్‌మిస్ట్రెస్ ఇంటికి. తుంటి ఎముక విరిగి ఆవిడ చాన్నాళ్ళుగా మంచంలోనే ఉంది. ఒకప్పుడు పొడుగాటి జడ వేసుకునే తల ఇప్పుడు ఒకే ముద్దగా చిక్కుపడిపోయింది. కొడుకు గది బయటే నిలబడి, "మొత్తం తీసేయండి, మాకూ తేలిగ్గా ఉంటుంది" అన్నాడు.

మంచంలోని ఆవిడ దిండు మీద తల గోడ వైపు తిప్పుకుంది.

సెలూన్ కోడలు మంచం పక్కకు వచ్చి వంగింది. "మీరు చెప్పండమ్మా. జుట్టు మీది."

"ఉంచొచ్చా?" అంది ఆవిడ, గోడ వైపు నుంచే.

"కాస్త టైం పడుతుంది. నాకేం తొందర లేదు."

నూనె రాసి, చివరల నుంచి మొదలుపెట్టి, పాయ తర్వాత పాయ విప్పుకుంటూ వచ్చింది. విప్పలేనిచోట మాత్రమే కత్తెర పెట్టింది. పెద్దావిడ నొప్పికి మూలిగినప్పుడల్లా ఆగి, ఆవిడ బడి గురించి ఏదో ఒకటి అడిగేది. ఎండ కిటికీ దాటి మంచం మీదికొచ్చేసరికి చిక్కంతా విడిపోయింది. గాలి బేసిన్ తల కింద అమర్చి గోరువెచ్చని నీళ్ళతో కడిగింది. పరుపు మీద చుక్క పడలేదు. తుడిచి, మెడ దాకా కత్తిరించి, పక్క పాపిడి తీసింది.

పెద్దావిడ అద్దం అడిగి, చాలాసేపు చూసుకుంది. "బాబూ, లోపలికి రా" అని కొడుకును పిలిచింది. ఆ గొంతుకు అతను బడిపిల్లాడిలా పరుగున వచ్చి నిలబడ్డాడు. "ఈవిడకి ఎంత ఇవ్వాలో అడిగి, అంతా ఇవ్వు. బేరమాడకు."

సెలూన్ కోడలు తన ధర చెప్పింది. అలా ధర చెప్పడం ఆమెకు అదే మొదలు. గొంతు తడబడలేదు.

నెల తిరిగాక మొదటి వాయిదా కట్టే రోజు వచ్చింది. పోస్టాఫీసులోనూ కట్టొచ్చు, అది ఇంటికి దగ్గర కూడా. పెద్దాయన ఒప్పుకోలేదు, ఆ కార్యాలయానికే వెళ్దామన్నాడు. అక్కడ భత్యం వరస ఒకవైపు, కట్టేవాళ్ళ వరస ఒకవైపు ఉంది. రెండో వరసలో జనం తక్కువ. ఆయన కోడలి పక్కన కర్ర ఆనించుకుని నిలబడ్డాడు. ముందున్న మనిషి, ముసలాయన కదా అని, "తాతా, మీ వరస అటువైపు" అని చెయ్యి చూపించాడు.

"తెలుసు బాబూ. అందులోనూ నిలబడతాం, తర్వాత" అన్నాడు పెద్దాయన, గది మొత్తానికి వినపడేలా. "ముందు మా కోడలు అప్పు కట్టాలి."