బూట్లు విప్పే పచ్చిక

ఎవరింటి పచ్చిక మీదికైనా వెళ్లబోతూ బూట్లు తొడుక్కున్నారంటే, వాటిల్ వీధిలో అంతకు మించిన తిట్టు లేదు. నోటితో తిడితే మర్నాటికి మరిచిపోతారు. బూట్లు తొడుక్కుంటే మాత్రం, మీ గడ్డిలో ముళ్లున్నాయి, మీకు ఇల్లు చూసుకోవడం చేతకాదు అని నలుగురిలో అన్నట్టే. అలాంటి వీధిలో గ్లెనిస్ పెరటి పచ్చిక మీద, ఏడాది పొడుగునా, ఆమె సొంత మనవరాలే ఎర్ర బూట్లతో తిరిగింది.

గ్లెనిస్‌కి అరవై దగ్గర పడుతున్నాయి. బడి బస్సు నడుపుతుంది. బస్సు నిండా అల్లరి చేసే పిల్లల్ని, వెనక్కి తిరక్కుండా, అద్దంలోంచి ఒక్క చూపు చూసి కూర్చోబెట్టగల మనిషి. ఎవరికీ తల వంచి ఎరగదు. ఆ పొగరు వాళ్ల నాన్న క్లారీ నుంచి వచ్చింది, ఆయన వేసిన పచ్చికతో పాటు. క్రిస్మస్ నడివేసవిలో వచ్చే ఆ దక్షిణ దేశంలో, ఎండలకి నేల నెర్రెలిచ్చే ఆ ఊళ్లో క్లారీ, వెడల్పు ఆకుల బఫలో గడ్డి తీగలు ఒక్కొక్కటే నాటి, పరుపులాంటి పచ్చిక పెంచాడు. క్రిస్మస్ మర్నాడు వీధి వీధంతా ఆ పెరట్లో క్రికెట్ ఆడేది. చెత్తడబ్బా వికెట్టు. ఒక టప్పా పడ్డాక ఒంటి చేత్తో పట్టినా ఔటే. బంతి కంచె దాటితే ఆరు పరుగులు, కొట్టినవాడు ఔటు కూడా. అన్నిటికంటే ముఖ్యం, పెద్దా చిన్నా ఎవరి కాళ్లకీ ఏమీ ఉండకూడదు. వీధి ఉమ్మడి బ్యాటు ఏడాదంతా క్లారీ వరండాలో మేకుకి వేలాడేది.

క్లారీ పెట్టిన చట్టం ఇంకొకటి ఉంది. ఆటలో ఎవరికైనా ముల్లు గుచ్చుకుంటే ఆట అక్కడితో ఆపెయ్యాలి, బ్యాటు పక్కింటికి పోవాలి. దాన్ని తిరిగి తెచ్చుకోవాలంటే, ముల్లు గుచ్చుకున్న ఆ మనిషే వచ్చి, ఆ పచ్చికని ఈ కొస నుంచి ఆ కొసదాకా వట్టికాళ్లతో నడవాలి. ఇంకెవరు నడిచినా చెల్లదు. తన పెరట్లో ఆ చట్టంతో పనే పడలేదని క్లారీ పోయేదాకా గొప్పలు చెప్పుకున్నాడు.

కూతురి హయాంలో పడింది.

దానికి మూలం బిండీ అనే కలుపు. చలికాలంలో అచ్చం కొత్తిమీర మొలకలా, ఏమీ ఎరగనట్టు నేలకి అంటుకుని మొలుస్తుంది. ఎక్కడో సముద్రాల అవతల పుట్టి, పిలవని చుట్టంలా వచ్చి ఆ దేశపు పచ్చికల్లో తిష్ఠ వేసింది. ఎండలు ముదిరేసరికి నడిమధ్యన కాయ కట్టి, అది గట్టిపడి, పల్లేరుకాయకి చెల్లెలవుతుంది. రెండేళ్ల కిందట అవి అక్కడక్కడ కనిపించగానే గ్లెనిస్ ఒక మందు సీసా తెచ్చి కొట్టడం మొదలుపెట్టింది. కంచె అవతల నుంచి డెస్ కేక వేశాడు. డెస్ రైల్వేలో పనిచేసి రిటైరైన ముసలాయన, గ్లెనిస్‌ని చిన్నపిల్లప్పట్నుంచీ ఎరిగినవాడు. క్లారీ పచ్చిక తర్వాత వీధిలో మంచి పచ్చిక ఆయనదే.

"అమ్మాయ్, ఆ సీసా మీద ఏం రాశాడో చదివావా?"

"నీ గడ్డి సంగతి నువ్వు చూసుకో డెస్. క్లారీ కూతురికి నువ్వు గడ్డి పాఠాలు చెప్తావా?"

కళ్లజోడు పెట్టుకోవడం గ్లెనిస్‌కి నామోషీ. సీసా మీద చీమ తలకాయంత అక్షరాలతో, బఫలో గడ్డికి వాడకూడదు అని రాసి ఉంది. ఆ మందు సన్నగడ్డి పచ్చికలకి. బఫలో మీద పడితే కలుపుతో పాటు గడ్డినీ కాల్చేస్తుంది. కొన్నాళ్లకే పెరటి నడుమ దుప్పటి పరిచినంత మేర గడ్డి మాడి, మట్టి తేలింది. ఖాళీ నేల దొరికితే బిండీకి పండగే కదా. మరుసటి చలికాలానికి అక్కడ అదే దట్టంగా అల్లుకుంది. గ్లెనిస్ పైపైన కోసి, నీళ్లు కొట్టి, పచ్చగానే ఉందిలే అని సరిపెట్టుకుంది.

నిరుడు క్రిస్మస్ మర్నాడు మనవరాలు మార్నీ, అప్పటికి దానికి ఆరేళ్లు, బంతిని కొట్టి, ఒక పరుగు తీసి రెండోదానికి తిరిగింది. సరిగ్గా ఆ దుప్పటంత చోటికి రాగానే కెవ్వుమని కూలబడింది. రెండు పాదాల నిండా ముళ్లు. తల్లి లియాన్ ఒళ్లో పెట్టుకుని పట్టకారుతో తీస్తున్నంతసేపూ వీధంతా చుట్టూ మూగి చూసింది. పొయ్యి మీద సాసేజీలు మాడిపోతున్నా తిప్పే దిక్కు లేదు. డెస్ నెమ్మదిగా వచ్చి, కింద పడ్డ బ్యాటు తీసుకుని, దుమ్ము తుడిచి, తన పెరట్లోకి నడిచాడు. ఒక్క మాటైనా దెప్పలేదు. దెప్పి ఉంటే గ్లెనిస్‌కి కాస్త ఊపిరాడేది.

ఆనాటి నుంచి వారం వారం అమ్మమ్మ ఇంటికి వచ్చినప్పుడల్లా మార్నీ బూట్లతోనే పెరట్లోకి దిగేది. బతిమాలినా, ఐస్‌క్రీం ఆశ పెట్టినా విప్పలేదు. గ్లెనిస్‌కి బ్యాటు పోయిందన్న బాధ కంటే ఆ ఎర్ర బూట్ల బాధే ఎక్కువ. పసిపిల్లకి తన పచ్చిక అంటే భయం! నాన్న ఉంటే ఏమనేవాడు?

ఈసారి చలికాలం రాగానే కళ్లజోడు పెట్టుకుంది. ఇదీ ఆమె ఓడిపోయిన మొదటి పంతం. మందు సీసాల జోలికి పోలేదు. బస్సు దిగి ఇంటికి రాగానే మోకాళ్ల కింద పాత దిండు వేసుకుని, వెన్న రాసే కత్తి పట్టుకుని, ఒక మూల నుంచి మొదలుపెట్టేది. బిండీ మొక్క వేరు సన్నం. నడుము పట్టి లాగితే ఆకులు చేతికొస్తాయి, వేరు కిందే ఉండి నవ్వుతుంది. కత్తి మొన పక్కనుంచి దించి, కొంచెం ఎత్తి, వేరుతో సహా తియ్యాలి. కాయ కట్టకముందే తియ్యాలి. తీసింది డబ్బాలో వేసి మూత బిగించాలి. ఇంత ఓపిక తనలో ఉందని గ్లెనిస్‌కే తెలియదు.

వసంతం వచ్చేసరికి మాగ్‌పై పిట్టలు గూళ్లు కట్టి, కింద కనిపించిన ప్రతి నెత్తినీ పొడవడం మొదలుపెట్టాయి. గ్లెనిస్ ఐస్‌క్రీం డబ్బా ఒకటి బోర్లించి తలకి కట్టుకుంది. దాని వెనకవైపు మార్నీ రంగులతో రెండు పెద్ద కళ్లు గీసింది, వెనక కళ్లుంటే పిట్ట భయపడుతుందని. ఆ వేషంలో నేల మీద పాకుతున్న ఆమెని చూసి డెస్ కంచెకి చేరబడ్డాడు.

"బస్సు నడిపే దొరసాని ఇదేనా? నేనింకా ఎవరో గడ్డి మేస్తున్నారనుకున్నా."

"నవ్వు నవ్వు. ఆ బ్యాటుకి నూనె రాసి ఉంచు. ఎండబెట్టి పగలగొట్టావంటే ఊరుకోను."

"బ్యాటుకేం, భద్రంగా ఉంది. నీ మనవరాలి బూట్లు విప్పించు ముందు."

ఆ మాట సూటిగా తగిలింది. ఆ తర్వాత వారం నుంచి ఒక చిత్రం మొదలైంది. డెస్ తన పచ్చిక అంచులు కత్తిరించి, ఆ తీగల్ని చెత్తబుట్టలో వెయ్యకుండా కంచె మీంచి గ్లెనిస్ పెరట్లోకి విసిరెయ్యడం. వేళ్లున్న పచ్చి తీగలు. ఆమె అడగలేదు, ఆయన ఇస్తున్నానని చెప్పలేదు. ఆయన లోపలికి పోయేదాకా ఆగి, ఆమె వాటిని ఏరి, దుప్పటంత ఖాళీలో జానెడు జానెడు దూరంలో నాటేది. పొద్దునా సాయంత్రం తడిపేది. డిసెంబరు ఎండలకి తీగ తీగనీ వెతుక్కుని చెయ్యి కలిపింది. ఖాళీ మూసుకుపోయింది.

రోజూ వట్టికాళ్లతో పచ్చికంతా కొలిచి కొలిచి నడిచేది గ్లెనిస్. ఒక్క ముల్లూ తగల్లేదు. అయినా ఆ పిల్ల బూట్లు విప్పలేదు.

క్రిస్మస్ మర్నాడు, పది గంటలకే ఎండ మాడు పగలగొడుతోంది. వీధి జనమంతా గ్లెనిస్ పెరట్లో చేరారు. పొయ్యి మీద ఉల్లిపాయలు వేగుతున్నాయి, మంచు నింపిన తొట్టిలో బీరు సీసాలు మునిగి ఉన్నాయి, బల్ల మీద ఈగలు వాలకుండా జల్లెడ మూతలు. డెస్ బ్యాటు చంకన పెట్టుకుని వచ్చాడు. నూనె రాసి నిగనిగలాడుతోంది. గ్లెనిస్ కొత్త తెల్ల గౌను వేసుకుంది. గెలుపు తనదేననుకుంటోందని ఆ గౌను చూస్తేనే తెలుస్తుంది. మెట్టు మీద మార్నీ కూర్చుని ఉంది, కాళ్లకి ఎర్ర బూట్లు.

"రా తల్లీ, బూట్లు విప్పు. పెరటి చివర ఆ గట్టుదాకా నడిస్తే చాలు."

"నేను రాను. గుచ్చుకుంటుంది."

"లేదే. నేను రోజూ నడుస్తున్నా కదా, నాకేమన్నా అయిందా?"

"నీవి మొద్దు కాళ్లు అమ్మమ్మా. మేకు గుచ్చుకున్నా నీకు తెలీదు."

జనం ఘొల్లున నవ్వారు. "పిల్ల న్యాయం మాట్లాడింది," అన్నాడు డెస్.

మార్నీ నవ్వలేదు. చాలాసేపు గడ్డినీ, అమ్మమ్మనీ మార్చి మార్చి చూసింది. "నీ చెంప మెత్తగా ఉంటుంది. చెంప పెట్టి చూపించు. నువ్వు చెంప పెట్టిన చోటే నేను కాలు పెడతా."

"మార్నీ! ఏం మాటలవి?" అని లియాన్ గదిమింది.

గ్లెనిస్ చుట్టూ చూసింది. ఈ వీధిలో సగం మంది ఆమె బస్సులో కూర్చుని పెరిగినవాళ్లే. ఆమె అద్దంలో చూస్తే నోరు మూసుకున్నవాళ్లే. ఇంతమంది ముందు మొహం నేలకి ఆనించాలా? మరుక్షణం ఆమెకి తన మీద తనకే కోపం వచ్చింది. చలిలో, ఎండలో ఆ నేల మీద పాకింది తను. అందులో ఏముందో ఏం లేదో తనకి తెలుసు. తన చేతి పని మీద తన చెంప పెట్టుకోవడానికి సిగ్గెందుకు?

మోకాళ్ల మీద కూర్చుంది. తెల్ల గౌను గురించి ఆలోచించలేదు. వంగి, కుడి చెంప గడ్డి మీద పూర్తిగా మోపింది. చల్లగా ఉంది.

"రావే," అంది.

మార్నీ ఒక బూటు విప్పింది. తర్వాత రెండోది. మేజోళ్లు తీసి బూట్లలో కుక్కి, మెట్టు దిగి, అమ్మమ్మ చెంప పెట్టిన చోట బొటనవేలు తాకించింది. తర్వాత పాదం పెట్టింది. గ్లెనిస్ ఒక అడుగు ముందుకి పాకి, మళ్లీ చెంప పెట్టింది. పిల్ల మళ్లీ అడుగేసింది. పాకడం, చెంప పెట్టడం, పిల్ల నడవడం. ఎవరూ నవ్వడం లేదు. పొయ్యి దగ్గరున్నాయన సాసేజీలు తిప్పే కర్ర పైకెత్తి అలాగే ఉండిపోయాడు.

దుప్పటంత చోటు వచ్చింది. మార్నీ ఆగిపోయింది.

"ఇక్కడే కదా?"

"ఇక్కడే," అంది గ్లెనిస్. ఈసారి ఆ చెంప, ఈ చెంప, నుదురు కూడా ఆనించింది. "చూడు."

పిల్ల కళ్లు గట్టిగా మూసుకుని కాలు పెట్టింది. ముఖం చిట్లించింది. గ్లెనిస్ నేల మీంచి తలెత్తింది.

"గుచ్చుకుందా?"

"ఉహూ. గిలిగింతలు పెడుతోంది."

కళ్లు తెరిచి, మార్నీ ఇంక ఎవరి చెంప కోసమూ ఆగలేదు. అమ్మమ్మని దాటేసి, ఆ కొసదాకా పరుగెత్తి, గట్టు తాకి, మళ్లీ వెనక్కి పరుగెత్తుకొచ్చింది. వీధంతా ఒక్కసారి కేకలు పెట్టింది. గ్లెనిస్ లేచి నిలబడేసరికి నుదుటి మీద గడ్డి అచ్చులు, గౌను మోకాళ్ల దగ్గర ఆకుపచ్చ మరకలు. ఆమె వాటిని దులుపుకోలేదు. నడుము మీద చెయ్యి వేసి, అందరికీ కనబడేలా నిలబడింది. అంత గర్వం ఆమెకి తన పెళ్లినాడు కూడా కలగలేదు.

డెస్ బ్యాటు అందించాడు. "ఆ నడిమి గడ్డి నాది, తెలుసుగా," అన్నాడు మెల్లిగా.

"నీ గడ్డి ఎక్కడిది? మా నాన్న దగ్గర తీగలు అడుక్కెళ్లి వేసుకున్నావుగా. మా గడ్డి మా ఇంటికొచ్చింది." అని, బ్యాటు అందుకుని, "సాయం చేశావు డెస్," అంది. ఆ మాట ఆమె నోట వినడం ఆయనకి అదే మొదలు. దగ్గు వచ్చినట్టు పక్కకి తిరిగాడు.

నడిచి బ్యాటు తిరిగి తెచ్చింది కాబట్టి మొదటి బ్యాటింగు మార్నీది. లియాన్ వేసిన బంతిని నిరుటి కసి అంతా తీర్చుకుంటూ బాదింది. బంతి కంచె దాటి డెస్ పచ్చిక నడిబొడ్డున పడింది. ఆరు పరుగులు, ఔటు. కొట్టినవాళ్లే బంతి తెచ్చుకోవాలి. మార్నీ కంచె తలుపుదాకా పరుగెత్తి, గుమ్మంలో ఆగి, డెస్ గడ్డి వంక అనుమానంగా చూసింది. వెనక్కి వచ్చి మెట్టు మీద కూర్చుని ఎర్ర బూట్లు తొడుక్కోవడం మొదలుపెట్టింది.

వీధి మొత్తం గుడ్లప్పగించి చూసింది.

"ఏయ్ పిల్లా! నా పచ్చికలో ముల్లు ఎక్కడ ఉందే?" డెస్ గొంతు పీలగా వచ్చింది. "గ్లెనిస్, చెప్పవే దానికి!"

డెస్ పచ్చికలో ఒక్క బిండీ కూడా లేదని గ్లెనిస్‌కి తెలుసు. అందరికంటే బాగా తెలుసు, తన నడిమి గడ్డి అక్కణ్ణుంచి వచ్చిందే. ఆ మాట అప్పుడే చెప్పెయ్యాలి. చెప్పింది కూడా. కాకపోతే, మార్నీ రెండు బూట్ల తాళ్లూ ముడేసుకునేదాకా ఆగి చెప్పింది.