తల ఆనించిన చోటు

స్‌స్‌స్‌... రంగు గాలిలోకి లేచింది. గది నిండా తెల్లటి మంచు.

కిటికీలకు ప్లాస్టిక్ కవర్లు. ఫ్యానుకు పాత దుప్పటి. మంచానికి నిలువునా ముసుగు. మధ్యలో పెయింటర్ — ముక్కుకు మాస్కు, చేతిలో స్ప్రే గన్.

అది అతని అన్న గది. అన్న పోయినప్పటి నుంచి వదిన అందులో పడుకోలేదు. వంటింట్లో, పొయ్యి పక్కన చాప వేసుకుంటోంది.

గోడకు చెవులుంటాయంటారు. ఈ గోడకు తల ఉండేది.

బస్సు నడిపి వచ్చి, నేల మీద కూర్చుని కాళ్ళు చాపి, అన్న ఏళ్ళ తరబడి అక్కడే తల ఆనించాడు. జుట్టు నూనె గోడకు పట్టింది. గుండ్రంగా... గోధుమరంగులో... "నీ తలకంటే గోడకే ఎక్కువ నూనె పెడుతున్నావు" అని వదిన దెప్పేది. అన్న వెళ్ళిపోయాడు. మరక కూర్చునే ఉంది.

"అది నన్నే చూస్తోంది, అబ్బాయ్" అందామె పొద్దున. "కనబడకుండా చెయ్యి. నా మంచం మీద నేను పడుకోవాలి."

చేయి తిరిగిన పనివాడని అతనికి పేరు. ఈ మెషిన్ దగ్గర మాత్రం చేయి తిరగకూడదు. మణికట్టు తిప్పితే అంచుల్లో రంగు పలచబడుతుంది. గోడకు అడుగు దూరంలో, తిన్నగా పోవాలి. ముందు చేయి కదలాలి — తరవాతే ట్రిగ్గర్. వేసిన పట్టీ మీద సగం ఎక్కేలా మరో పట్టీ. అటు... ఇటు... అటు...

మరక దగ్గరికి వచ్చేసరికి ఊపిరి బిగబట్టాడు.

ఒక పట్టీ. అన్న పలచబడ్డాడు.

మరో పట్టీ. అన్న లేడు.

గోడ ఒలిచిన గుడ్డులా నున్నగా ఉంది. ఎక్కడా గీత లేదు, కారిన చుక్క లేదు. ఇంత మంచి పని అతను జన్మలో చేయలేదు. ఏడుపొచ్చింది.

సాయంత్రం ప్లాస్టిక్ విప్పుతుంటే వదిన గుమ్మంలో ఆగిపోయింది.

"మళ్ళీ వచ్చాడు."

ఆరిన తెలుపులోంచి... లేత పసుపుగా... అక్కడే.

"నూనె మరక కదా వదినా. రంగులోంచి పైకి ఊరుతుంది. ముందు ప్రైమర్ కొట్టి మూసెయ్యాలి."

"ఆ సంగతి నీకిప్పుడే తెలిసిందా?"

తెలుసు. పనిలో చేరిన కొత్తలోనే తెలుసు. ప్రైమర్ డబ్బా కూడా తెచ్చాడు. అది వరండాలోనే ఉంది — మూత తీయలేదు. అన్నను పూర్తిగా మూసెయ్యడానికి అతనికి చేతులు రాలేదు. ఆ మరక మిగలడం కోసం వదిన వంటింట్లోనే పడుకోవాలని అతను అనుకోలేదు.

కాదు... అనుకున్నాడు.

సిగ్గేసింది. మెషిన్ కడిగి ప్రైమర్ పోశాడు. గోడ ముందు నిలబడ్డాడు.

"పక్కకి జరుగు వదినా."

ఆమె జరగలేదు. గోడ దగ్గరికి వెళ్ళి కూర్చుంది. కాళ్ళు చాపింది. తల వెనక్కి వాల్చింది — మరకకు జానెడు కింద. ఆమె అంత పొడగరి కాదు.

"కాసేపు... తరవాత కొట్టెయ్" అంది, కళ్ళు మూసుకుని.

అతను గన్‌కు లాక్ వేశాడు. మెషిన్ గురగురమంటూనే ఉంది. కిటికీలో వెలుతురు తగ్గింది. వదిన ఊపిరి నెమ్మదించింది... నిద్రపోయిందేమో.

ఆమె జుట్టుకూ నూనె ఉంది.

అతను చూశాడు. లేపలేదు.