షాఫ్టు మీద గీత

స్వర్ణ సబ్బుపొడి చల్లి, కొబ్బరిపీచుతో వాకిట్లో టైల్స్ తోమబట్టి అరగంటయింది. పాత కారు కార్చిన ఇంజిన్ ఆయిల్ మాత్రం వదలనంటోంది. ఇంతకుముందు రూపాయి బిళ్లంత మరకే పడేది. మూడు రోజులుగా పళ్లెమంత మడుగు కడుతోంది. అది తన చేతి పనేనని ఈ ఇంట్లో ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు. అందుకే మోకాళ్లు మంటపెడుతున్నా లేవబుద్ధి కావడం లేదు.

మరక చిన్నగా ఉన్నప్పుడే భర్త మహేందర్‌కు చెప్పింది. "పాత బండి కారక ఏంజేస్తది? జర తుడువరాదు," అని ఎరువుల దుకాణానికి వెళ్లిపోయాడు. అత్తగారు ప్రమీలాదేవి అయితే, "ఇంటి ముందట గీ నల్లమరకలేంది స్వర్ణా, వచ్చేటోళ్లు ఏమనుకుంటరు?" అని, ఆ నూనె కోడలి ఒంట్లోంచే కారుతున్నట్టు అడిగింది. కారు నడిపేది ఆయన, వెనక సీట్లో కూర్చునేది ఆవిడ, తుడిచేది స్వర్ణ. పద్నాలుగేళ్లలో ఈ ఏర్పాటు ఎవరికీ వింతగా తోచలేదు.

ఆ నూనె ఎక్కడి నుంచి వస్తోందో స్వర్ణకు తెలుసు. దౌల్తాబాద్‌లో ఆమె బాపు ట్రాక్టర్ల మెకానిక్. మొదట ఆయనకు పానాలు అందించింది, తర్వాత తర్వాత తానే బిగించింది. ఇంజిన్‌లో తిరిగే క్యామ్‌షాఫ్టు కడ్డీ చివర ఉండే రబ్బరు సీలు గట్టిపడితే నూనె ఇట్లాగే కారుతుంది. నెల కింద మెకానిక్ ఓంప్రకాశ్ బెల్టు మార్చేటప్పుడు, "సీలు గూడ మారుద్దాం సేటూ," అంటే మహేందరే అక్కర్లేదన్నాడు.

నాలుగు రోజుల కింద తల్లీకొడుకులు చుట్టాల బండిలో అక్కన్నపేట పెళ్లికి వెళ్లగానే స్వర్ణ బాపు ఇచ్చిన పానాల డబ్బా తీసింది. కొత్త సీలు ముందే తెప్పించి బియ్యం డబ్బాలో దాచి ఉంచింది. బెల్టు విప్పేముందు, మళ్లీ అదే చోట బిగించేందుకు గోళ్లరంగుతో గుర్తులు పెట్టుకుంది. ఎన్నేళ్లకో చేతులకు ప్రాణం వచ్చింది. కానీ పాత సీలు ఊడిరాక సతాయించింది. వాళ్లు వచ్చే వేళయిందన్న కంగారులో స్క్రూడ్రైవర్ పెట్టి పెళ్లగించింది. షాఫ్టు మీద సన్నని గీత పడింది. "సీలు పోతే ఇంకోటి దొరుకుతది బిడ్డా, షాఫ్టును మాత్రం గీకకు," అని బాపు ఎన్నిసార్లు చెప్పాడో! కొత్త సీలు సరిగ్గా ఆ గీత మీదే కూర్చుంది. నూనెకు దారి దొరికింది.

మడుగు చూసి మహేందర్ ఓంప్రకాశ్‌ను ఇంటికి పిలిపించాడు. అతను వంగి చూసి, "సేటూ, నా తర్వాత ఎవరో ఇప్పిన్రు. గోళ్లరంగు గుర్తులున్నయి," అన్నాడు.

"నా ఇంట్ల ఇంజను ఇప్పేటోళ్లు ఎవరున్నరు? పని చెడగొట్టి పైనుంచి అబద్ధాలా?" మహేందర్ వాడకట్టంతా వినేటట్టు అరిచాడు. ఓంప్రకాశ్ చూపు ఒక్కసారి రంగు వేసిన స్వర్ణ గోళ్ల మీద ఆగింది. సామాను సర్దుకుని వెళ్లిపోయాడు. చాయ్ కప్పు పట్టుకుని గడపలో నిలబడ్డ ఆమె, ఆ కప్పుతోనే లోపలికి వెళ్లిపోయింది. మహేందర్ అంతటితో ఊరుకోలేదు, బజారులో తెలిసినవాళ్లందరికీ వాడి దగ్గరికి పోవద్దని చెప్పాడు. నిన్న కూరగాయలకు వెళ్తూ చూస్తే ఓంప్రకాశ్ షెడ్డు ముందు ఒక్క బండి లేదు.

చెబితే ఆ పానాల డబ్బా పాతసామాన్లవాడి తోపుడుబండి ఎక్కుతుందని ఆమె భయం. భయం నిజమే. కానీ తన డబ్బా కోసం ఇంకొకరి పేరు చెడగొడుతున్నానని తలుచుకుంటే తన మీద తనకే అసహ్యం వేసింది. పీచు అక్కడే పడేసి లోపలికి నడిచింది.

"గా సీలు నేనే మార్చిన. షాఫ్టు గీకింది గూడ నేనే. ఓంప్రకాశ్ తప్పేం లేదు."

మహేందర్ పేపరు దించి, ఆమెను ఎగాదిగా చూసి నవ్వాడు. "వాడు వచ్చి నీ ముందట ఏడ్చిండా? నీకు జాలి ఎక్కువ."

"నేనే ఇప్పిన అంటున్న."

"మిక్సీ జారు సక్కగ బిగియ్యవు, ఇంజను ఇప్పినవా? పో, టిఫిన్ తే." ప్రమీలాదేవి కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

తిడతాడని సిద్ధపడి వచ్చింది స్వర్ణ. చెయ్యి చేసుకున్నా పడదామనుకుంది. నవ్వుతారని మాత్రం అనుకోలేదు. మూడు రోజులు కుమిలి కుమిలి ఒప్పుకున్న తప్పు కూడా ఆమెది కాదట. తప్పు చేసేంత పని కూడా ఆమెకు రాదట.

వాకిట్లోకి వచ్చి ఓంప్రకాశ్‌కు ఫోన్ చేసింది. "అన్నా, ఇప్పింది నేనే. నీకు తెల్సు గదా?"

"తెల్సక్కా."

"మరి చెప్పకపోతివి?"

"నువ్వే చెప్తవనుకున్న."

ఆ మాట సూటిగా తగిలింది. గీత పడ్డ షాఫ్టుకు ఏం చేయాలని అడిగింది. సీలును ఇంకో రెండు మిల్లీమీటర్లు లోపలికి దింపితే గీత తప్పుతుందని అతను చెప్పాడు.

స్వర్ణ గేటు రెండు రెక్కలూ బార్లా తెరిచింది. బానెట్ ఎత్తి, పానాల డబ్బా నేల మీద పెట్టి, కొంగు నడుముకు బిగించింది. ఎదురింటి స్త్రీలు ముగ్గుబుట్టలతో అట్లాగే నిలబడిపోయారు. మొదటి బోల్టు వదులయ్యేసరికి మహేందర్ పరుగెత్తుకుంటూ వచ్చాడు, ఈసారి మొహంలో నవ్వు లేదు.

"ఏం జేస్తున్నవే? వాడకట్టోళ్లందరు చూస్తున్రు!"

"చూడనీ," అంది స్వర్ణ తలెత్తకుండానే. "నువ్వు ఓంప్రకాశ్‌ను తిట్టిననాడు గూడ వీళ్లే చూసిన్రు."