జానెడు అవతల

గాలిలో సున్నం ఘాటు. పిడుగురాళ్ల బట్టీల పొగ. నాలుక పొక్కినట్టు మంట...

పల్నాడు మొత్తం మీద నా అంత తిన్నగా గీత గీసేవాడు లేడు. సాగర్ కాలువ నా గీతను చూసే సిగ్గుపడి మెలికలు తిరిగింది.

కబడ్డీ కోర్టు గీయాలంటే నన్నే పిలుస్తారు. తాడు అక్కర్లేదు. టేపు అక్కర్లేదు. గుప్పెట్లో సున్నం పొడి, ఒక కన్ను మూత — చాలు.

ఆ రోజు ఒక గీత తప్పింది.

తప్పలేదు. తప్పించాను.

దాటితే అదనపు పాయింటు ఇచ్చే బోనస్ గీత. జానెడు అవతలికి.

లహరి మా మేనత్త కూతురు. ఆమె కూతకు వెళ్తే గాలి కూడా పక్కకు తప్పుకుంటుంది. ముందురోజు అందరి ముందూ అంది — "గీతలు గియ్యటానికి నువ్వు, దాటటానికి నేను. ఎవరి పని వాళ్లది బావా."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అందరికంటే ఎక్కువసేపు.

ఒక్కసారి తడబడితే చాలనుకున్నాను. ఫోన్‌లో తీసి, వెనక సినిమా పాట పెట్టి, రీల్ చేద్దామని.

గుంటూరు నుంచి సెలక్షన్ సారు వచ్చాడని తెలుసు. స్పోర్ట్స్ హాస్టల్లో ఒక్క సీటే మిగిలిందనీ తెలుసు.

తెలిసి కూడా...

లహరి కూతకు వెళ్లింది. ఒక కాలు గాలిలో. ఒక కాలు రోజూ పడే చోటే.

ఆ చోట ఇవాళ గీత ఉంది.

"గీత మీద పడింది. బోనస్ లేదు," అన్నాడు అంపైర్.

ఆమె తన పాదం వైపు చూసుకుంది. ఆ ఒక్క క్షణంలో పట్టేశారు. మోకాళ్ల మీద పడింది.

ఆ తర్వాత ఆ గీత దగ్గరికే పోలేదు. సారు కళ్లు వేరే అమ్మాయి మీదకు మళ్లాయి.

వీడియో బాగా వచ్చింది. పాట పెట్టలేదు.

మా వైపు పిల్లలకు కారంపూడి కథ అన్నంతో పాటు పెడతారు. కోడిపందెంలో మోసం. దాని వెనక యుద్ధం. నాగులేరు నిండా నెత్తురు. "ఒక్క కోడికి ఇంత గొడవా" అని క్లాసులో నవ్వి బెంచీ ఎక్కినవాణ్ణి నేను.

ఓడిన కోడి ఏమనుకుని ఉంటుంది?

తన కాళ్లే తప్పాయనుకుని ఉంటుందా...

సాయంత్రం లహరి వచ్చింది. మోకాలు చెక్కుకుపోయి ఉంది.

"మా వాకిట్లో బోనస్ గీత గియ్యి బావా. నా కాలు దగ్గరగా పడతంది. సరిచేసుకుని, సారు పొద్దున బస్సెక్కేలోపు ఒక్కసారి చూడమని అడుగుతా."

జానెడు అవతల గీస్తే నేను బతికిపోతాను. ఆమె కాలు చెడిపోతుంది.

గీశాను. ఉండాల్సిన చోట.

ఆమె కూత పెట్టింది. కాలు వేసింది. గీత అవతల, శుభ్రంగా.

మళ్లీ వేసింది. మళ్లీ అవతలే.

కూత ఆగింది.

ఈసారి పాదం వైపు చూసుకోలేదు. నా చేతుల వైపు చూసింది.

"ఏంది బావా ఇది."

"జరిపాను... జానెడు. నవ్వుకుందామని."

"నవ్వావా?"

"లేదు."

"నాకు చెప్తే ఏమొస్తది. సారు బస్టాండు కాడ లాడ్జిలో ఉన్నాడు. పద, ఆయనకు చెబుదువు."

ఆమె ముందు నడుస్తోంది, కుంటుతూ. నేను వెనక.

నమ్ముతాడో... నమ్మినా మళ్లీ చూస్తాడో...

గాలిలో సున్నం. నాలుక మీద చెప్పాల్సిన మాట — పొక్కుతూ...