పేరు రాయని బిళ్ళ

రత్తయ్యకు పది రోజులుగా విరేచనం తారులా నల్లగా అవుతోంది. పెళ్ళాం మాణిక్యమ్మకు చెప్పలేదు. ఇవాళ పొద్దున పెరట్లో కళ్ళు తిరిగి పడ్డాకే ఆమెకు తెలిసింది. మైలవరం నుంచి ఆటోలో బెజవాడ తెచ్చింది. బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో ఇరుక్కున్నంతసేపూ అతని తల ఆమె ఒళ్ళో పట్టు లేకుండా దొర్లింది.

ఆస్పత్రిలో డాక్టర్ సంయుక్త అతని కనురెప్ప కిందికి లాగి చూసింది. తెల్లగా పాలిపోయి ఉంది.

"లోపల రక్తం పోతోంది. ఏమైనా మందులు వాడుతున్నారా, రత్తయ్యగారూ?"

"ఏం లేదండీ."

"దాచొద్దండీ. అది తెలియకుండా ఏం చేయాలన్నా కష్టమే."

"లేదన్నాగా."

మాణిక్యమ్మకు ఒళ్ళు మండింది. అతని చొక్కా జేబులో చెయ్యి పెట్టింది. సగం ఖాళీ అయిన బిళ్ళల అట్ట, నాలుగు మడతల పేపరు ముక్క బయటపడ్డాయి.

"ఏంటయ్యా ఇది?"

రత్తయ్య కళ్ళు మూసుకున్నాడు.

సంగతి ఇదీ. అతని అన్న పెద్దపేగు క్యాన్సర్‌తో పోయాడు. అందుకని రెండు నెలల కిందట రత్తయ్యకూ పెద్దపేగులోకి గొట్టం వేసి చూశారు. పేగు గోడకు రెండు కండ పిలకలు మొలిచాయన్నారు, వదిలేస్తే క్యాన్సర్ కావచ్చన్నారు. చిన్నది అప్పుడే తీశారు. పెద్దదాన్ని తీయడానికి నెలలోపు రమ్మన్నారు. చేలో వరి పిలకలు వేస్తే గట్టు మీద నిలబడి మురిసిపోయే మనిషి, కడుపులో పిలక అనగానే నీరుగారిపోయాడు. కత్తి పెట్టాకే అన్న పోయాడని అతని నమ్మకం. మళ్ళీ ఆస్పత్రి మొహం చూడలేదు.

అప్పుడు పేపర్లో కనబడింది: ఇంటింటా ఉండే మామూలు నొప్పి బిళ్ళ పెద్దపేగులో కణాల పెరుగుదలకు కళ్ళెం వేస్తుందని. ఏ బిళ్ళ? పేరు రాయలేదు. ఎంత వేసుకోవాలి, ఎవరు వేసుకోకూడదు, అదీ రాయలేదు. ఇంత పెద్ద హెడ్డింగ్ పెట్టడానికి చోటు దొరికింది గానీ, ఒక్క పేరుకు దొరకలేదు! రత్తయ్య మందుల షాపుకెళ్ళి నొప్పి బిళ్ళలు అడిగాడు. నొప్పి ఎక్కడని కూడా అడక్కుండా ఇచ్చేశారు. పూటకొకటి, పరగడుపున, ఇరవై రోజులు మింగాడు.

సంయుక్త పేపరు ముక్క చదివి, అట్ట తిప్పి చూసింది. "ఇది డైక్లోఫెనాక్. దీనివల్లే కడుపులో పుండు పడి ఉంటుంది. అసలు వాళ్ళు రాసింది దీని గురించి కాదండీ, ఆస్పిరిన్ గురించి."

"ఆస్పిరినా?" మాణిక్యమ్మ చేతిసంచి తెరిచి తన బిళ్ళల అట్ట తీసింది. "ఇదేనా? ఇది నా గుండె బిళ్ళ కదమ్మా!"

"అదే. ఎక్కువ మోతాదులో అది నొప్పి బిళ్ళ. తక్కువలో గుండె బిళ్ళ."

రెండేళ్ళుగా రోజూ రాత్రి అతని కళ్ళ ముందే మింగుతోంది. మంచినీళ్ళు అందించేది అతనే.

రత్తయ్య కళ్ళు తెరిచాడు. చెయ్యి చాపాడు. "ఒకటి ఇవ్వవే మాణిక్యం. పిలక ఆగిపోద్దంట."

"అయ్యో, ఇప్పుడు అది వేస్తే రక్తం ఇంకా పోతుంది!" సంయుక్త అడ్డుపడింది. "అది కణాల పెరుగుదలను నెమ్మది చేస్తుందని పరిశోధనలు చెబుతున్నాయి, నిజమే. కానీ ఉన్న పిలకను పీకి పారేయదు. దాన్ని మేమే తీయాలి."

"అయితే ఇవాళే తీసెయ్యమ్మా," అంది మాణిక్యమ్మ.

"ఇవాళ రక్తం ఎక్కించి, కడుపులో కారేది ఆపాలి. అదే కష్టం. తట్టుకుంటే కొన్ని వారాలాగి పిలక సంగతి చూద్దాం."

"ఈలోపు అది పెరగదా?"

సంయుక్త అబద్ధం చెప్పలేదు. "పెరగొచ్చమ్మా."

స్ట్రెచర్ కదిలింది. రత్తయ్య చాపిన చెయ్యి దించలేదు. "ఒక్కటేనే... సగమైనా..."

మాణిక్యమ్మ అట్టను సంచిలోకి తోసి, సంచిని చంకలో అదిమి పట్టుకుంది. ఇంకో చేత్తో అతని ఖాళీ అరచేతిని మూసి, గుప్పిట బిగించింది.

"నోర్మూసుకుని బతికి రా ముందు," అంది. తలుపు దాకా ఆ గుప్పిట వదల్లేదు.