సంతలో ఉండిపోయిన గొంతు

గురువారం వచ్చిందంటే ఆవిడకి కోడికూతతో పనిలేదు. తెల్లవారకముందే లేచి, టమాటాలు ఒక్కొక్కటీ తుడిచి, గట్టివి అడుగున, పండినవి పైన వచ్చేలా గంపలో సర్దుకుని, అందరికంటే ముందు సరుకు ఆటో ఎక్కేది. సంత అంటే పెద్ద సంతేం కాదు. చిన్న ఊళ్లో రోడ్డు పక్క ఖాళీ స్థలం, ఒక వారగా రేకుల షెడ్డు, మధ్యలో కుళాయి, దాని చుట్టూ ఏ కాలంలోనూ ఆరని బురద. ఎవరి చోటు వాళ్లది. ఆవిడ చోటు కుళాయికి ఎదురుగా, ఉల్లిపాయలమ్మే ముసలాయన పక్కన. గోనెపట్టా పరిచి గంప దించగానే ఆవిడ నెత్తికి జానెడు పైన, ఖాళీ గాల్లోంచి, మొగుడి గొంతు మొదలయ్యేది.

"రండమ్మా రండి! పొద్దున కోసిన టమాటా! గిల్లితే రసం, ముట్టుకుంటే రంగు! చూసినందుకు డబ్బుల్లేవు, చూసి పోండి!"

చివర్లో చిన్న దగ్గు. ఆ తర్వాత మళ్లీ మొదలు.

మొగుడు మాత్రం ఇంటి దగ్గరే ఉండేవాడు. కొన్నేళ్ల కిందట గొంతులో పుండు లేచింది. కోసి తీసేస్తే ప్రాణం నిలుస్తుంది, మాట మాత్రం పోతుంది అన్నారు డాక్టర్లు. ఆసుపత్రిలో చేరబోయే ముందు గురువారం ఆయన పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా నిలబడే అరిచాడు. ఇక దాచుకుని ఏం చేసుకుంటాను అన్నట్టు అరిచాడు. అలా కడుపులోంచి వచ్చిన పిలుపు చోటు పట్టుకుని ఉండిపోవడం ఆ సంతకి కొత్తేం కాదు. తాళ్లమ్మే అతని తాత పిలుపు కూడా చాన్నాళ్లు ఉంది. మనవడు తాళ్లు మానేసి అక్కడ ప్లాస్టిక్ బకెట్లు పెట్టాడు, చీకటిపడేలోగా తాత పిలుపు పోయింది. సరుకు లేని పిలుపు సాయంత్రం దాకా నిలవదని సంతలో ఎవర్నడిగినా చెబుతారు.

అందుకే ఆవిడ తమ పొలం చెక్కలో టమాటా తప్ప ఇంకో పంట వెయ్యనిచ్చేది కాదు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని ఇరుగుపొరుగు నవ్వేవారు. ఎండలు మండిపోతుంటే కడవలతో నీళ్లు మోసి బతికించింది. వానలకి కుళ్లిపోతుంటే ఊతకర్రలు పాతి లేవనెత్తింది. టమాటా అత్త అని పేరు పడిపోయింది. పడితే పడింది, వారానికోసారి మొగుడి మాట వినపడుతుంది కదా, అదే పదివేలు అనుకునేది.

సంతలో ఆ గొంతుకి ఆవిడ జవాబు కూడా చెప్పేది.

"ఊరుకోవయ్యా, సగం అమ్ముడుపోయాయిలే, కాస్త ఊపిరి పీల్చుకో."

ఉల్లిపాయల బాబాయి పడీపడీ నవ్వేవాడు. "పెళ్లయిన కొత్తల్లో కూడా మీరిద్దరూ ఇంత సరసమాడలేదే అమ్మాయ్!"

ఇంటికొచ్చాక ఆ సరసం ఉండేది కాదు. మొదట్లో ఆయనతో రోజంతా ఏదో ఒకటి మాట్లాడేది. ఆయన వాకిట్లో గుంజ మీద ఒకసారి కొడితే ఔను, రెండుసార్లు కొడితే కాదు. రానురాను గోడకి చెప్పుకున్నట్టుందని మానేసింది. అన్నం పెట్టి తిను అనేది, అంతే. ఆయన చూసేవాడు. ఏమీ తెలియని మనిషి కాదు. ఒకసారి పొలం దారిన పోతూ ఉల్లిపాయల బాబాయి, "సంతలో నీ పెళ్లాం నీతో భలే మాట్లాడుతుందిరా అబ్బాయ్" అని మంచి మాటే కదా అనుకుని చెప్పి వెళ్లాడు. ఆ రోజు ఆయన అన్నం ముట్టలేదు. ఎందుకని ఆవిడ అడగలేదు కూడా.

చెల్లెలి కూతురి కాన్పని వెళ్లి ఆవిడ బుధవారం సాయంత్రం తిరిగొచ్చింది. వచ్చేసరికి చెక్కలో ఒక్క టమాటా మొక్క లేదు. అన్నీ వేళ్లతో సహా పీకి గట్టు మీద కుప్పేసి ఉన్నాయి. గుమ్మం దగ్గర గంప నిండా వంకాయలు. ఇంటికని గట్టు వెంబడి వేసుకున్నవే, మొగుడు కోసి, తుడిచి, సంతకని పొందిగ్గా సర్ది పెట్టాడు.

"ఏం పని చేశావయ్యా? రేపు సంత కదా!"

ఆయన కుప్పలోంచి ఒక కొమ్మ తెచ్చి చూపించాడు. ఆకులు ముడుచుకుపోయి ఉన్నాయి. ముడత తెగులు. ఆ ఏడు చుట్టుపక్కల ఎవరి టమాటానీ వదల్లేదు, అది నిజమే.

ఆవిడ కుప్పంతా తిరగేసింది. "ఈ మొక్కకి ముడతేదీ? దీనికేదీ? వీటికేం రోగమొచ్చిందని పీకావు?"

ఆయన గుంజ మీద ఒకసారీ కొట్టలేదు, రెండుసార్లూ కొట్టలేదు. లోపలికెళ్లి గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

తెల్లారి ఆవిడ ఆ వంకాయల గంపతోనే ఆటో ఎక్కింది. సంతలో ఎవరో ఒకరి దగ్గర టమాటాలు దొరక్కపోతాయా అని ఆశ. గంప దించకుండా సంతంతా తిరిగింది. తెగులు ఎవర్నీ మిగల్చలేదు. అన్నిరకాలూ తలా కాసిని పెట్టుకునే ఒకామె దగ్గర నాలుగు దోర టమాటాలు దొరికాయి. వాటిని వంకాయల మీద పెట్టుకుని వచ్చి కూర్చుంది.

"రండమ్మా రండి! పొద్దున కోసిన టమాటా!" అంది గొంతు. ఎప్పటంత గట్టిగా లేదు గానీ, అంది. ఆవిడకి ప్రాణం లేచొచ్చింది.

వారం వారం వచ్చే కుట్టుపనామె వచ్చి గంపలోకి చూసింది. "ఇవేనా? పోనీ నాలుగూ ఇచ్చెయ్యి అత్తా. పిల్లకి జ్వరం తగ్గింది, నోటికి పుల్లగా ఏమన్నా కావాలంటోంది."

"అవి అమ్మనమ్మా."

"అమ్మకపోతే పిలవడం దేనికి?"

కుట్టుపనామె చిన్నబుచ్చుకుని వెళ్లిపోయింది. ఆ తర్వాతి పిలుపులో టమాటా అన్న మాట వినపడలేదు. అక్కడ ఉత్త గాలి వచ్చింది.

"ఇచ్చెయ్యాల్సిందే అమ్మాయ్," అన్నాడు ఉల్లిపాయల బాబాయి మెల్లగా. "అమ్మనిది సరుకెలా అవుతుంది?"

"ఇచ్చేస్తే గంపలో ఇంకేం మిగులుతాయి బాబాయ్?"

బాబాయి ఉల్లిపొట్టు ఊదుకుంటూ కూర్చున్నాడు.

ఎండ నెత్తి మీదికి వచ్చేసరికి పిలుపులోంచి రసమూ పోయింది, రంగూ పోయింది. ఆ గొంతు రండమ్మా అని ఆగిపోయి, దగ్గి, మళ్లీ రండమ్మా అనేది. మనుషులు వచ్చి, వంకాయలు చూసి, పైకి ఒకసారి చూసి, పక్కకి పోయేవారు. ఆవిడకి ఏడుపు ఆగలేదు. పడిపోయే మనిషికి భుజమిచ్చినట్టు ఆ పిలుపుకి తన గొంతు కలిపింది. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ సంతలో అరిచి ఎరగదు. ఆయన అరవడం, తను తూచడం, అదే అలవాటు.

"రండమ్మా రండి! పొద్దున కోసిన..." అంది. ఎదురుగా ఉన్నవి వంకాయలు. వాటిని చూస్తూ టమాటా అనడానికి నోరు రాలేదు. "పొద్దున కోసిన వంకాయ!" అనేసింది.

పైనుంచి చిన్న దగ్గు వినపడింది. ఆ తర్వాత ఏమీ లేదు.

చెవులు రిక్కించి చూసింది. కుళాయి చప్పుడు, తక్కెడల చప్పుడు, ఎవరి బేరాలు వాళ్లవి. అంత గోలలోనూ తన నెత్తి మీద ఉన్న ఆ జానెడు మేరా అంత నిశ్శబ్దం ఆవిడ భరించలేకపోయింది. దాన్ని నింపడానికే మళ్లీ అరిచింది. "రండమ్మా! లేత వంకాయ! చూసినందుకు డబ్బుల్లేవు, చూసి పోండి!" జనం మూగారు. వంకాయలు అయిపోయాయి. దోరకాయలు ఎవరు పట్టుకుపోయారో కూడా చూసుకోలేదు. గంప ఖాళీ అయినా ఆపలేదు. ఆపితే ఆయన లేడన్న సంగతి తెలిసిపోతుందని పొద్దుగూకేదాకా కడుపులోంచి అరుస్తూనే ఉంది.

"ఎక్కుతావా అత్తా?" అన్నాడు ఆటో అతను. ఎక్కుతానని నోరు తెరిచింది. గాలి వచ్చింది. వెనక ఖాళీ అయిపోతున్న సంతలో, కుళాయికి ఎదురుగా, "రండమ్మా! లేత వంకాయ!" అని తన గొంతే వినపడుతోంది. ఉల్లిపాయల బాబాయి తలెత్తి చూడలేదు. తన గోనెపట్టా కాస్త పక్కకి జరుపుకున్నాడంతే.

గుమ్మంలో మొగుడు నిలబడి ఉన్నాడు. ఆవిడ తిడుతుందని కాచుకుని ఉన్నట్టున్నాడు. ఆవిడ తిట్టలేదు. గుంజ దగ్గరకెళ్లి రెండుసార్లు కొట్టింది. ఆయన దగ్గరకొచ్చి ఆవిడ గొంతు మీద చెయ్యి పెట్టి, చాలాసేపు తియ్యలేదు.

పై గురువారం గంప ఆయన ఎత్తుకున్నాడు. ఆసుపత్రికి ముందు అరిచిన ఆ గురువారం తర్వాత మళ్లీ అడుగుపెట్టని సంతకి వంకాయలతో వెళ్లాడు. సాయంత్రం కళ్లు ఎర్రగా చేసుకుని వచ్చాడు, కాళ్లు కడుక్కుని ఆవిడ వైపు చూడకుండా తిన్నాడు. ఆ పై వారం ఇంకా ముందుగా లేచాడు. గడ్డం గీసుకున్నాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. నెల తిరిగేసరికి సంత నుంచి వచ్చిన మనిషి ముఖంలో ఏదో వెలుగు ఉండేది. ఇంట్లోకి అడుగు పెట్టగానే అది ఆరిపోయేది. కుప్పేసిన టమాటా మొక్కలు ఎండాక కాల్చేసి, చెక్కంతా వంకాయే వేశాడు. ఇద్దరూ ఒకే గుంజకి చెరోవైపు కూర్చునేవారు. కొట్టడానికి ఎవరికీ ఏమీ ఉండేది కాదు.

ఒక గురువారం ఆయన్ని ఎక్కించుకుని ఆటో మలుపు తిరిగాక, ఆవిడ చెక్కలోకి వెళ్లింది. మొక్కలు మోకాలెత్తు వచ్చాయి, పూత మీద ఉన్నాయి. మొదటి మొక్క దగ్గర కూర్చుని దాని మొదలు గట్టిగా పట్టుకుంది. రెండో చేత్తో ఆకులు ఒక్కొక్కటీ తిప్పి చూసింది. తర్వాతి మొక్కవీ చూసింది, ఆ తర్వాతిదీ చూసింది.

దేనికీ తెగులు లేదు.